కట్టించినవారు, కట్టినవారు

ఈ సంచికలో మీతో ఇండ్లను గురించి మాట్లాడదలచుకొన్నాము. మూడు ఇండ్లు. ఒకటి మా పావగడ తాలూకాలోనిది, ఒకటి ఇంగ్లండులోనిది, ఒకటి హైదరాబాదులోనిది. ఈ మూడింటికీ ఏమి పొత్తు అని మీరు అడుగవచ్చును. కొంచెము ఓపికతో చివరివరకు చదివితే పొత్తు ఉన్నదని మీరే అంటారు.

మా పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో, అనగా కర్ణాటకలో ఉన్నది. అయితే మూడు ప్రక్కలా ఆంధ్ర సరిహద్దే. కచేరీలో కన్నడం, ఇంటిలో తెలుగు. వానకు కరవు గాని రాతికి కరవు లేని నేల. పావగడ కోట నిలిచిన కొండే ఒక పెద్ద బండ. అందుచేత ఇక్కడి పాత ఇండ్లకు రాతి గోడలు, మీద చవుడు మన్ను పరచిన మిద్దెలు. మా ఊరిలో అటువంటి పెద్ద మిద్దె ఒకటి ఉన్నది. వీధి వైపు అరుగులు, చెక్కిన నాలుగు రాతి స్తంభాలు, మోకాలెత్తు రాతి గడప, బరువైన టేకు తలుపులు. లోపల నడుమ తొట్టి, చుట్టూ గదులు. వెనుక పశువుల కొట్టము, దానికి వేరుగా ఒక సందు త్రోవ. దాదాపు ఎనభై యేండ్ల క్రిందట ఒక పెద్ద ఆసామి దానిని కట్టించాడు. ఆయన వారసులు బెంగళూరు చేరి ముప్పై యేండ్లు దాటినది. ఇప్పుడు అందులో గబ్బిలాలు కాపురమున్నవి.

పోయిన సంవత్సరం ఆ ఆసామి మనుమడు మా సంఘ పెద్దలకు కబురు చేశాడు. మర్యాదస్థుడు. "ఇల్లు పాడుపడిపోతోంది. మీ సంఘానికి ఉచితంగా వ్రాసి ఇస్తాను. మందిరంగా వాడుకొన్నా, బడిగా వాడుకొన్నా నాకు అభ్యంతరము లేదు. ఒక్కటే కోరిక, వాకిటి మీద మా తాతగారి పేరు రాతిలో చెక్కించండి" అన్నాడు.

ఆ ఆదివారం పెద్దల కూటము రాత్రి తొమ్మిది దాటినా ముగియలేదు. ఒకరు "అడగకుండానే దేవుడు ఇచ్చిన ఇల్లు, కాదనకూడదు" అన్నారు. బెంగళూరు నుండి సెలవుకు వచ్చిన ఒక యువకుడు లేచి, "ఆ ఇల్లు మా తాతల చేత కూలి ఇవ్వకుండా కట్టించినది. ఆ కప్పు క్రింద కూర్చుని నేను పాట పాడలేను. పడగొట్టి రాళ్ళు అమ్మేయండి" అన్నాడు. ఇంకొకరు "రాయికి ఏమి పాపము తెలుసు తమ్ముడూ" అన్నారు. చివరకు అందరూ మా వైపు తిరిగి "అయ్యవారూ, మీరేమంటారు" అని అడిగారు. మేము ఏమీ చెప్పలేకపోయాము. ఎందుకనగా ఆ గడప రాతిని కొండ నుండి దింపిన నలుగురిలో మా నాయన ఒకడు.

అప్పుడు మా నాయనకు పదునాలుగు, పదునైదేండ్లు ఉంటాయి. మా తాత తన పెండ్లికి చేసిన అప్పు క్రింద మా నాయనను ఆ ఆసామి ఇంట జీతానికి పెట్టాడు. జీతమని పేరే గాని చేతికి వచ్చినది లేదు. పూటకు ఇంత రాగి సంగటి, ఏడాదికి ఒక పంచె. అప్పు మాత్రం తరగలేదు. గడప రాయి దించేటప్పుడు ఆయన ఎడమ కాలి రెండు వ్రేళ్ళు నలిగిపోయినవి. ఇల్లు పూర్తయిన తరువాత ఆయన ఆ ఇంటిలో ముప్పై యేండ్లు పని చేశాడు, సందు త్రోవనే కొట్టములోనికి పోయి, సందు త్రోవనే తిరిగి వచ్చాడు. తాను మోసిన గడపను ఒక్కనాడూ దాటలేదు. 1976లో వెట్టి నిర్మూలన చట్టము వచ్చిన తరువాత గాని ఆయన ఆ పని మానలేదు. మేము అప్పటికి బడి పూర్తి చేస్తున్నాము. తరువాత టీచరు ట్రైనింగు చదివి, ముప్పై యేండ్లకు పైగా పిల్లలకు చరిత్ర చెప్పాము. మనసు తేలనప్పుడు చరిత్రను అడుగుట అప్పటి నుండి మాకు అలవాటు. కాబట్టి ఈ పర్యాయము కూడ అదే చేశాము. ఇటువంటి ఇండ్లను గురించి ఇతర దేశముల వారు ఏమి చేశారో చూద్దామని పుస్తకాలు తీశాము. ఇంగ్లండులో ఒక ఇంటి చరిత్ర చదువుతుండగా, ఆశ్చర్యముగా, అది మన కృష్ణా ఒడ్డుకే వచ్చి చేరినది.

ఇంగ్లండులో కంట్రీ హౌస్ అనగా పల్లెటూరి చిన్న ఇల్లు కాదు. వేల ఎకరాల నడుమ ఒక ప్రభువు కట్టించుకొన్న మహాభవనము. చుట్టూ ఉన్న పొలముల కౌళ్ళే దానిని పోషించేవి. లండను నగరానికి పడమర బెర్క్‌షైరు అను జిల్లాలో, రెడింగు పట్టణానికి దక్షిణముగా, స్వాలోఫీల్డ్ పార్కు అని అటువంటి భవనము ఒకటి ఉన్నది. అక్కడ అంతకు ముందే ఒక పాత ఇల్లు, మంచి తోటలు ఉండేవి. జాన్ ఎవెలిన్ అను ప్రసిద్ధ డైరీ రచయిత 1685లో వచ్చి ఆ తోటలను చూసి ఎంతో మెచ్చుకొన్నాడు. 1689లో రెండవ ఎర్ల్ ఆఫ్ క్లారెండన్ అను ప్రభువు అక్కడ కొత్త భవనము మొదలుపెట్టించాడు. నమూనా గీసినవాడు విలియం టాల్మన్. చాట్స్‌వర్త్ అను ఇంకను గొప్ప భవనానికి పని చేసినవాడు ఇతడే.

ఆ కాలపు ఇంగ్లీషు భవనముల కట్టడములో మనము గమనించవలసిన ఒక సంగతి ఉన్నది. ముందు వైపు అంతా సమతూకము. నడుమ పెద్ద వాకిలి, దానికి ఇరువైపులా లెక్క తప్పకుండా కిటికీలు, లోపలికి అడుగుపెట్టగానే ఎత్తైన హాలు, వెడల్పైన మెట్లు. ఇది చూపరుల కొరకు. గోడల వెనుక ఇంకొక ఇల్లు ఉండేది. ఇరుకైన మెట్లు, చీకటి నడవలు, వంటశాలకు వేరే త్రోవ. అప్పటి బెర్క్‌షైరులోనే కోల్స్‌హిల్ అను ఇంటికి 17వ శతాబ్దము నడుమ రోజర్ ప్రాట్ అను ఆయన నమూనా గీశాడు. అందులో నౌకరుల కొరకు వెనుక మెట్లు ప్రత్యేకముగా పెట్టాడు. నీళ్ళు మోసేవారు, బొగ్గులు మోసేవారు, మలమూత్రపు కుండలు మోసేవారు అతిథుల కంట పడకూడదని అతని ఉద్దేశము. ఆ ఇల్లు 1952లో అగ్నికి ఆహుతి అయినది గాని, వెనుక మెట్లు మాత్రము ఆ దేశమంతటా పాకిపోయినవి.

ఇది చదివినప్పుడు మాకు మా ఊరి మిద్దె వెనుక ఉన్న సందు త్రోవ గుర్తుకు వచ్చినది. మీలో బెంగళూరు, ముంబయి వంటి నగరములలో ఉన్నవారికి అపార్టుమెంటులలోని సర్వీసు లిఫ్టు గుర్తుకు రావచ్చు. ఆ అపార్టుమెంటుకు ఇటుకలు మోసిన మన అక్కచెల్లెండ్రే, అది పూర్తయిన తరువాత పాచిపనికి పోయినప్పుడు ముందు లిఫ్టు ఎక్కకూడదని కాపలావాడు ఆపుతాడు. దేశములు వేరు, కాలములు వేరు. కాని ఇంటి ప్లానులోనే మనుష్యులను రెండు త్రోవలుగా విడదీసే బుద్ధి ఒక్కటే.

ఇక స్వాలోఫీల్డ్ మన దగ్గరకు వచ్చిన సంగతి. 1698 నుండి 1709 వరకు మద్రాసులో కంపెనీ గవర్నరుగా ఉన్నవాడు థామస్ పిట్. ఇతడు 1702లో జంచంద్ అను వజ్రాల వర్తకుని వద్ద ఒక పెద్ద వజ్రమును 48,000 వరహాలకు కొన్నాడు. సానపట్టక ముందు అది 410 క్యారెట్లు. ఇంగ్లండుకు పంపి సానపట్టిస్తే దాదాపు 140 క్యారెట్ల రాయి తేలినది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దానిని 1,35,000 పౌండ్లకు కొన్నాడు. అందుకే దానికి రీజెంట్ వజ్రమని పేరు. నేడు అది ప్యారిస్ నగరములోని లూవ్ర్ మ్యూజియములో ఉన్నది. వజ్రాల పిట్ అని పేరుపడిన ఆ గవర్నరు ఆ తరువాత స్వాలోఫీల్డ్ పార్కును కొని, 1726లో అక్కడే కన్ను మూశాడు.

ఆ రాయి దొరికినది ఎక్కడ? పల్నాటి వైపు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో అని చెప్తారు. 17వ శతాబ్దములో ఆ గనిని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని వ్రాసుకొన్నాడు. మగవారు మన్ను త్రవ్వేవారు, ఆడవారు, పిల్లలు ఆ మంటిని మోసేవారు. రీజెంట్ వజ్రమును గురించి ఒక కథ కూడ వాడుకలో ఉన్నది. గనిలోని ఒక బానిస తన కాలికి గాయము చేసుకొని, దానిలో రాతిని దాచి, కట్టు కట్టుకొని సముద్రతీరానికి పారిపోయాడట. ఓడ నాయకుడు రాతిని లాక్కొని, అతనిని సముద్రములో పడవేశాడట. ఇది నిజమో కల్పనో తేల్చే సాక్ష్యము లేదు. కాని కథలో కూడ అతనికి పేరు లేకపోవుట చూడండి. కొన్నవాని పేరు ఉన్నది, అమ్మినవాని పేరు ఉన్నది, ధరించిన రాజుల పేర్లు ఉన్నవి. త్రవ్వినవాడు మాత్రము "ఒక బానిస". కొల్లూరు గని ఉన్న చోటు కూడ ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీటి క్రింద మునిగిపోయినది.

న్యాయముగా ఒక మాట చెప్పాలి. పిట్ ఆ వజ్రమును దొంగిలించలేదు, బేరమాడి కొన్నాడు. అప్పటి చట్టము ప్రకారము అది అతనిదే. మా ఊరి ఆసామి కూడ అంతే, అప్పుపత్రము ప్రకారము మా నాయన శ్రమ ఆయనదే. చట్టము ఒప్పుకొన్నంత మాత్రాన బాకీ తీరినట్టేనా? ఇదే మన ముందున్న ప్రశ్న.

స్వాలోఫీల్డ్ కథలో తెలుగునేల మరొకసారి వస్తుంది. 1820లో ఆ భవనము రస్సెల్ కుటుంబము చేతికి వచ్చినది. ఆ కుటుంబములోని హెన్రీ రస్సెల్ అదే సంవత్సరము వరకు హైదరాబాదులో, నిజాము దర్బారులో, కంపెనీ రెసిడెంటుగా ఉన్నవాడు. వారి కాలములో విలియం అట్కిన్సన్ అను శిల్పి భవనము రూపును మార్చాడు. హైదరాబాదులో రస్సెల్ నివసించిన ఇల్లు ఏదనగా, నేడు మనమందరము కోఠి అని పిలిచే ప్రాంతములోని రెసిడెన్సీ. ఇదే మేము చెప్పదలచిన మూడవ ఇల్లు.

రెసిడెన్సీని తలపెట్టినవాడు జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్. 1798 నుండి 1805లో చనిపోయేవరకు రెసిడెంటు. 1803 ప్రాంతములో మూసీ ఒడ్డున పని మొదలైనది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజినీర్ల దళములోని శామ్యూల్ రస్సెల్. ముఖమండపానికి ఆరు మహా స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగములో కంపెనీ చిహ్నము, మెట్లకు ఇరువైపులా సింహాలు, లోపల దర్బారు హాలు, రెండు పాయలుగా పైకి పోయే మెట్లు. ఇంగ్లండులోని కంట్రీ హౌస్‌ను ఎత్తి తెచ్చి మూసీ ఒడ్డున దించినట్టు ఉంటుంది. ఆ రోజుల్లోనే కలకత్తాలో గవర్నరు జనరలు భవనమును డెర్బీషైరులోని కెడల్‌స్టన్ హాలు నమూనాపై కట్టించారు. ఏలేవారమని చూపించుటకు ఇంటి ముఖమును కూడ వాడుకొన్నారన్నమాట.

అయితే దీనికి డబ్బు ఇచ్చినది ఇంగ్లండు కాదు, నిజాము. స్థలము విషయములో ఒక కథ చెప్పుకొంటారు. రెసిడెంటు పెద్ద కాగితముపై ప్లాను గీయించి తీసికొనిపోతే నిజాము కాదన్నాడట. అదే ప్లానును చిన్న చీటీ మీద గీయించి తీసికొనిపోతే సరే అన్నాడట. కథ మాట ఎట్లున్నా, ఖజానాలోని డబ్బు ఎక్కడిది? తెలంగాణ, మరాట్వాడా రైతులు కట్టిన శిస్తు. ఆ రైతులలో ఎవరైనా ఆ మెట్లు ఎక్కియుంటారా అని ఆలోచించండి.

ఆ ఇంటికి ఇంకొక వెల కూడ ఉన్నది. కర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసా బేగమును వివాహము చేసికొన్నాడు. ఆమె ఘోషాలో ఉండేది గనుక ముందు వైపుకు వచ్చి ఆ భవనమును చూడలేదని, ఆమె కొరకు జనానా తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని చెప్తారు. 1805లో వారి నాలుగేండ్ల కొడుకును, మూడేండ్ల కూతురును చదువు కొరకు ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అదే సంవత్సరము తండ్రి మరణించాడు. తల్లి 1813లో చనిపోయినది. పిల్లలను మరల చూడలేదు. ఓడ ఎక్కకముందు ఆ పిల్లలిద్దరినీ జార్జి చినరీ అను చిత్రకారుడు బొమ్మ వ్రాశాడు. ఏండ్లు గడచిన తరువాత కూతురు కిట్టీ స్వాలోఫీల్డ్ పార్కుకు వెళ్ళి, రస్సెల్ ఇంటి గోడ మీద ఆ బొమ్మను చూసి ఏడ్చినదట. రస్సెల్ తన వీలునామాలో దానిని ఆమెకు వ్రాసిపెట్టాడు. పిల్లలను దూరదేశములకు పంపి, వారి ఫొటోలు చూసుకొని బ్రదికే తల్లిదండ్రులు మన సంఘములలో ఎందరో ఉన్నారు గనుక ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

ఇప్పుడు ఈ రెండు ఇండ్లు ఏమైనవి? స్వాలోఫీల్డ్ పార్కును 20వ శతాబ్దము రెండవ భాగములో వయసు మళ్ళినవారు నివసించే ఫ్లాట్లుగా మార్చారు. నేటికీ అది ఫ్లాట్లే. అందులో ఉండువారిని ఎవరూ తప్పుపట్టలేరు. కాని కొల్లూరు మాట ఆ గోడలకు గుర్తు లేదు. కోఠి రెసిడెన్సీ దారి వేరు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వములో జనము దానిపై దాడి చేశారు. తరువాత గోడలను ఇంకను ఎత్తుగా, గట్టిగా కట్టించారు. కాని 1949లో అదే భవనము స్త్రీల కళాశాల అయినది. ఒక స్త్రీ ముందు వైపుకు రాలేని ఇంటిలోనికి వేలాది ఆడపిల్లలు ముందు మెట్లెక్కి లోనికి పోయారు. భవనము శిథిలమై, 2002 నాటి ప్రపంచ స్మారకముల ప్రమాద జాబితాలో చేరిన తరువాత మరమ్మతులు జరిగినవి. 2022లో కళాశాలను విశ్వవిద్యాలయము చేశారు. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన కౌలు భూమి కొరకు, పంట కొరకు విసునూరు దేశముఖును ఎదిరించిన ఐలమ్మ 1985లో మరణించినది. శిస్తు డబ్బుతో లేచిన భవనము మీద, శిస్తు కట్టిన జనములోని ఒక స్త్రీ పేరు. ఇందుకు రెండు వందల యేండ్లకు పైగా పట్టినది.

ఇంగ్లండులో కూడ ఈ ప్రశ్న లేచినది. అక్కడి పాత భవనములను కాపాడే నేషనల్ ట్రస్ట్ అను సంస్థ 2020లో ఒక నివేదిక వెలువరించినది. తమ ఆధీనములోని 93 స్థలములకు వలసపాలనతోనో, బానిస వ్యాపారముతోనో సంబంధము ఉన్నదని అందులో పేర్కొన్నారు. అందులో పోవిస్ కోట ఒకటి. శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత టిప్పు సుల్తాను గుడారము చేరినది అక్కడికే. నివేదిక చూసి కొందరు మెచ్చుకొన్నారు. కొందరు "మా తాతల ఇండ్లను మీరు అవమానిస్తున్నారు" అని కోపగించుకొన్నారు. ఆ కోపము మాకు అర్థమైనది. బెంగళూరులోని ఆ మనుమనికి కూడ తాత అంటే ప్రేమ. చిన్నప్పుడు ఒడిలో కూర్చుండబెట్టుకొన్న తాతను వెట్టి చేయించినవాడని వినుట ఎవరికీ సులభము కాదు.

ఇక మా కూటములో వచ్చిన మూడు మాటలను తూచి చూద్దాము.

"రాయికి పాపము లేదు" అన్న మాట నిజమే. రాయికి నోరు కూడ లేదు. అది ఎవరి పేరు చెక్కితే ఆ పేరే చెప్తుంది. కాబట్టి రాయి నిర్దోషి అని ఊరుకుంటే, చెక్కించగలవాని మాటే చరిత్ర అవుతుంది.

"పడగొట్టండి" అన్న యువకుని బాధ కూడ నిజమే. కాని పడగొడితే పోయేది ఎవరి పని? ఆ ఆసామి ఒక్క రాయి ఎత్తలేదు. స్తంభము చెక్కినది వడ్డెవారు, తలుపు చేసినది వడ్రంగి, మన్ను మోసినది మన ఆడవారు, గడప దింపినది మా నాయన. ఆ ఇంటిని పడగొడితే వారి చేతిపనికి మిగిలిన ఒక్క సాక్ష్యమూ పోతుంది.

"దేవుడిచ్చిన దానము" అన్న మాట దగ్గర మాత్రము మా మనసు చాలా దినములు ఆగిపోయినది. బడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పేటప్పుడు చేయుట, చేయించుట వేరని చెప్తాము. కట్టుట వేరు, కట్టించుట వేరు. తెలుగు భాష ఆ తేడాను ఒక్క చిన్న ప్రత్యయములో దాచి ఉంచినది. అయినా మనము ఆ తేడాను మరచి "ఫలానా ఆసామి ఇల్లు కట్టాడు" అంటాము. ఇల్లు కట్టి చూడు అన్న సామెత కూడ కట్టించినవాని కష్టమునే చెప్తుంది. కట్టినవాని కష్టము చెప్పదు. కూలి ఇయ్యక పొరుగువాని చేత ఇల్లు కట్టించుకొన్న రాజును యిర్మీయా ప్రవక్త గద్దించిన సంగతి మనకు తెలుసు. ఇవ్వని కూలితో కట్టించిన ఇల్లు పూర్తిగా కట్టించినవానిది కాలేదు. తనది పూర్తిగా కానిదానిని అతని మనుమడు దానము ఎట్లా చేయగలడు? అతడు చేయగలిగినది ఒక్కటే, బాకీ తీర్చుట. కాబట్టి ఇల్లు తీసికొనవచ్చును, కాని దానముగా కాదు. ఆలస్యముగా వచ్చిన కూలిగా తీసికొనవచ్చును.

ఇంతవరకు తేలినప్పుడు మాకు సంతోషము కలిగినది. కాని వెంటనే ఆ తీర్పు మా వైపే తిరిగినది. అది కూలి అయితే ఎవరి కూలి? మా సంఘస్థులది మాత్రమేనా? ఆ ఇంటికి పని చేసినవారిలో వడ్డెవారు ఉన్నారు, వడ్రంగులు ఉన్నారు, మన మతము కానివారు సగానికి పైన ఉన్నారు. వారి వంతు కూలిని మన సంఘము పేరున రిజిస్టరు చేయించుకొంటే, ఆసామి చేసిన పనికీ మనము చేసిన పనికీ తేడా ఏమి? మందిరము లేక రేకుల షెడ్డులో ఆరాధించుకొంటున్న మాకు ఇది చేదు మందు. ఆ తొట్టిలో రెండు వందల మంది కూర్చోవచ్చునని మేము కూడ లెక్క వేసియున్నాము.

ఈ సంగతి తేల్చుకొనుటకు ముందు మేము ఒక అవ్వ దగ్గరకు పోయాము. తొంబై దాటినది. ఇల్లు కడుతున్నప్పుడు మన్ను మోసిన పిల్లలలో ఇంకను బ్రదికి ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె మన సంఘస్థురాలు కాదు. "అవ్వా, ఆ మిద్దె వస్తే ఏమి చేద్దాము" అని అడిగాము. అవ్వ చాలసేపు ఆలోచించి, "నాకు ఇల్లెందుకు నాయనా. ముందర గడప మీద నుంచి ఒక్క తూరి లోపలికి పోయి రావాల. మా మునిమనుమరాలు ఆడ కూసోని సదువుకుంటే సాలు" అన్నది.

మేము బడిలో ముప్పై యేండ్లు చెప్పిన చరిత్ర కంటె ఆ మాట బరువుగా తోచినది. మా తాలూకాలో ఈ మాటకు వేరే అర్థము కూడ ఉన్నది. 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము వచ్చిన తరువాత భూమి ఉన్నవారికి ఏటేటా కౌలు వస్తున్నది. ఆ భూములలో వేరుశనగ కూలికి పోయినవారికి కౌలు లేదు, కూలి కూడ తగ్గినది. వారిలో అనేకులు బెంగళూరు పోయి ఇండ్లు కడుతున్నారు. పిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఊరిలో ఉన్నారు. సాయంకాలము కూర్చొని చదువుకొనుటకు వెలుతురున్న గది ఒకటి వారికి లేదు.

అందుచేత తరువాతి కూటములో మా మాట ఇట్లు చెప్పాము. ఒకటి, ఇంటిని తీసికొందాము గాని సంఘము పేరున కాదు. పని చేసిన కుటుంబములన్నిటి నుండి మనుష్యులను చేర్చి ఒక ట్రస్టు పెట్టి దాని పేరున తీసికొందాము. రెండు, అది కూలివారి పిల్లలందరూ చదువుకొనే ఇల్లు కావలెను, ఏ కులము, ఏ మతము అని అడుగకూడదు. మూడు, వాకిటి రాతి మీద ఆసామి పేరు ఉండనిద్దాము. ఆయన కట్టించాడన్నది అబద్ధము కాదు. కాని ఆ పేరు క్రింద, అదే సైజు అక్షరములతో, కట్టినవారి పేర్లు దొరికినన్ని చెక్కిద్దాము. కట్టించినవారు ఒక మాట, కట్టినవారు ఒక మాట. నాలుగు, వెనుక సందు త్రోవను మూసివేయవద్దు, అట్లే ఉంచుదాము. పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్దాము. రాకపోకలు మాత్రము అందరికీ ముందు వాకిటి నుండే.

అందరూ ఒప్పుకొన్నారని వ్రాస్తే అబద్ధమవుతుంది. మందిరము చేయి జారిపోయినదని ఇద్దరు పెద్దలు ఇప్పటికీ మాతో ముభావముగా ఉన్నారు. యువకుడు మాత్రము పేర్ల జాబితా వ్రాసే పని తన మీద వేసుకొన్నాడు. బెంగళూరు నుండి ప్రతి ఆదివారము ఫోను చేసి ముసలివారిని అడిగి ఇంతవరకు ముప్పైయొక్క పేర్లు కూర్చాడు. కొందరికి ఇంటిపేరు దొరకలేదు, కొందరికి ముద్దుపేరే మిగిలినది. అట్లే చెక్కిద్దాము అన్నాము.

ఆసామి మనుమనికి ఇవన్నీ వివరముగా జాబు వ్రాశాము. ఆయన తాతను నిందించుటకు కాదనీ, మా నాయన పేరు ఆయన తాత పేరు ప్రక్కన ఉండుట ఇద్దరికీ అవమానము కాదనీ వ్రాశాము. ఈ వ్యాసము వ్రాసేనాటికి జవాబు రాలేదు. రాకపోవచ్చును కూడ. వచ్చి, కాదనవచ్చును. అప్పుడు ఆ ఇల్లు గబ్బిలాలకే ఉంటుంది, మేము రేకుల షెడ్డులోనే ఉంటాము. అయినా మా మాట మార్చుకొనము.

ప్రియులారా, మీరు ఉన్న చోట్ల కూడ ఇల్లు కట్టించుకొంటున్నవారు ఉన్నారు, ఇండ్లు కట్టుటకు పోతున్నవారు ఉన్నారు. ఒకే సంఘములో ఒకే బల్ల మీద ఇద్దరూ కూర్చొంటారు. మీ ఇంటి గృహప్రవేశమునాడు ప్రార్థనకు అందరినీ పిలుస్తారు గదా, ఆ ఇంటికి సున్నము కలిపినవానిని, ఇటుకలు మోసిన ఆమెను కూడ పిలిచి, లెక్క ప్రకారము కూలి చెల్లినదా అని అందరి ఎదుట అడిగి, ముందు గడప దాటించి కూర్చుండబెట్టి భోజనము పెట్టండి. బాకీ ఉంటే ఆ దినమే తీర్చండి. ఎనభై యేండ్ల తరువాత మీ మనుమడు ఎవరికో జాబు వ్రాయవలసిన పని ఉండదు.

అవ్వకు ఆరోగ్యము అంతగా బాగులేదు. మిద్దె తాళపుచెవి ఊరిలో కాపలాదారు వద్దే ఉన్నది. జవాబు ఏదైనా కానీ, వచ్చే వారము ఆయనను అడిగి తలుపు తీయించి, అవ్వను కుర్చీలో మోసికొనిపోయి ముందు గడప దాటించవలెనని అనుకొన్నాము. మా నాయన పక్షమున మేము కూడ ఆమె వెనుక లోనికి పోతాము.

ఇట్లు,
మీ సహోదరుడు, ఒక సంఘ పెద్ద,
పావగడ తాలూకా, తుమకూరు జిల్లా